కనుమదారిలో ఆటోమేటిక్ గేరు కారు: నియంత్రణ వ్యవస్థలు, వాటిని వివరించే తెలుగు

వ్యాససంగ్రహం:

ఖరీదైన కార్లలో చేత్తో మార్చే గేరు దాదాపు కనుమరుగై, ఆటోమేటిక్ గేరు స్థిరపడింది. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని డ్రైవరుకు తప్పాయి. అయితే కొండదారిలో ఏ గేరులో దిగాలన్న నిర్ణయం తప్పలేదు. తిరుమల, మొగిలి, భాకరాపేట వంటి కనుమదారులున్న తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ నిర్ణయం ప్రాణరక్షణకు సంబంధించినది. ఆటోమేటిక్ గేరు, దానితో కలిసి పనిచేసే నియంత్రణ వ్యవస్థలు ఎలా నడుస్తాయో, కొండ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వాటిని ఎలా వాడుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ వివరణకు డ్రైవర్ల వాడుకలోని తెలుగు ఎంతవరకు సరిపోతుందో కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆటోమేటిక్ గేరు, కనుమదారి, ఇంజను బ్రేకింగు, తిరుమల ఘాట్ రోడ్డు, వృత్తిపదజాలం, డ్రైవర్ల తెలుగు.

1. ఉపోద్ఘాతం:

కొన్నాళ్ల కిందట ఈ వ్యాసరచయిత కుటుంబంలోని పెద్దలతో కలిసి ఒక అద్దె కారులో తిరుమల నుంచి కిందికి దిగుతున్న సందర్భమది. కారు విలాసవంతమైనది, ఆటోమేటిక్ గేరుది. డ్రైవరు ఆ దారిలో ఏళ్ల తరబడి మామూలు గేరు బండ్లు నడిపిన అనుభవశాలి. సగం దారి దాటాక కాలిన వాసన మొదలైంది. డ్రైవరు ఎదుటి తెర మీద ఒక ఎర్రని గుర్తు, దాని కింద రెండు వరుసల ఆంగ్ల వాక్యం కనిపించాయి. "సార్, ఏందో ఇంగ్లీషులో వస్తా వుండాది. ఏమి రాసుండాదో రవ్వంత చూడండి" అని ఆయన అడిగారు. బ్రేకులు మితిమీరి వేడెక్కాయని, వాటిని చల్లారనివ్వాలని ఆ వాక్యం చెబుతోంది. వెడల్పైన చోటు చూసి బండి ఆపి, అరగంటకు పైగా ఆగి, తర్వాత క్షేమంగా దిగాము. ఆగి ఉన్నప్పుడు ఆయన అన్న మాట ఈ వ్యాసానికి ప్రేరణ: "డీలోనే పెట్టినాను సార్. బండే చూసుకుంటాదని చెప్పినారు."

ఈ మాటలో రెండు సమస్యలున్నాయి. ఒకటి సాంకేతికమైనది: ఆటోమేటిక్ గేరు ఏది చూసుకొంటుంది, ఏది చూసుకోదు అన్న అవగాహన లేకపోవడం. రెండవది భాషాపరమైనది: కారు తన స్థితిని చెప్పింది; నడుపుతున్న మనిషికి అది అందలేదు. విలాసవంతమైన కారును యజమాని కంటే జీతం మీద పనిచేసే డ్రైవరే ఎక్కువసేపు నడపడం మన ప్రాంతంలో మామూలు. కారుతో వచ్చే పుస్తకం ఆంగ్లంలో ఉంటుంది, అదీ సాధారణంగా యజమాని చేతికి వెళుతుంది. కాబట్టి ఈ రెండు సమస్యలనూ కలిపి పరిశీలించడం అవసరం.

2. కనుమదారుల స్వరూపం:

తిరుమలకు మోటారు వాహనాలు వెళ్లే మొదటి ఘాట్ రోడ్డు 1944లో ప్రారంభమైంది. రెండవ దారి 1970వ దశకంలో వచ్చింది. ఇప్పుడు పాత దారి దిగడానికి, కొత్త దారి ఎక్కడానికి వాడుకలో ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 18, 19 కి.మీ. పొడవు. అలిపిరికి, కొండపైన ఊరికి మధ్య ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. దిగే దారిలో మలుపులు బిగుతుగా ఉంటాయి. అవ్వాచారి కోన, మోకాళ్ల మిట్ట ప్రాంతాల్లో కాలినడక భక్తులు రోడ్డు పక్కనే నడుస్తుంటారు.

వేగాన్ని అదుపు చేయడానికి ఈ దారుల్లో కనీస ప్రయాణసమయం నిర్ణయించారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అన్న లెక్క ఈ దారిలో తిరిగే డ్రైవర్లకు బాగా తెలిసినదే. 19 కి.మీ. దూరాన్ని 40 నిమిషాలలో దిగడమంటే సగటున గంటకు 28 కి.మీ. పైచిలుకు వేగం. దిగడానికి ఎక్కువ సమయం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం బండి బరువులో ఉంది.

మనుషులతో, సామానుతో కలిపి 2,000 కిలోల బరువున్న కారు 700 మీటర్లు కిందికి దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 137 లక్షల జౌళ్లు. ముప్పై డిగ్రీల వేడి ఉన్న నీటిని సుమారు 45 లీటర్లు మరిగే స్థితికి తేవడానికి ఆ శక్తి చాలుతుంది. టైర్ల రాపిడి, గాలి నిరోధం ఇందులో కొంత భాగాన్ని తీసుకొంటాయి. మిగిలినది ఎక్కడికో పోవాలి. డ్రైవరు ఏర్పాటు చేస్తే అందులో ఎక్కువ భాగం ఇంజనులోకి పోతుంది. లేకుంటే అంతా బ్రేకుల్లోకే పోయి వేడిగా మారుతుంది. కొండ దిగడంలోని శాస్త్రమంతా ఈ శక్తిని ఎక్కడికి పంపాలన్నదే.

ఈ ప్రశ్న తిరుమలకే పరిమితం కాదు. చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లే దారిలో మొగిలి కనుమ, తిరుపతి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో భాకరాపేట కనుమ, మదనపల్లె సమీపంలో హార్సిలీ కొండ దారి ఇటువంటివే. 2022 మార్చిలో భాకరాపేట కనుమలో నిశ్చితార్థానికి వెళుతున్నవారి బస్సు లోయలో పడిన దుర్ఘటన, 2024 సెప్టెంబరులో మొగిలి కనుమలో జరిగిన ఆర్టీసీ బస్సు ప్రమాదం ఈ ప్రాంతవాసులు మరచిపోలేనివి. ప్రతి ప్రమాదానికీ కారణాలు వేరువేరుగా ఉంటాయి. అయినా కనుమదారిలో పొరపాటు దిద్దుకోవడానికి చోటు తక్కువన్న సంగతిని అవి గుర్తుచేస్తాయి.

3. ఆటోమేటిక్ గేరు పనిచేసే తీరు:

ఇంజను సమర్థంగా పనిచేసే భ్రమణవేగం పరిమితమైనది. చక్రాల వేగం మాత్రం సున్న నుంచి చాలా ఎక్కువ వరకు మారుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది గేరు. తక్కువ గేరులో ఇంజను ఎక్కువసార్లు తిరిగితే చక్రం తక్కువసార్లు తిరుగుతుంది. లాగే బలం ఎక్కువ. పై గేరులో ఇందుకు విరుద్ధం. మామూలు గేరు బండిలో ఈ ఎంపిక డ్రైవరు చేతిలో, కాలిలో ఉంటుంది. ఆటోమేటిక్ బండిలో గేరుపెట్టెకు అనుసంధానించిన కంప్యూటరు ఆ ఎంపిక చేస్తుంది.

భారీగా తయారై అమ్మకానికి వచ్చిన తొలి పూర్తి ఆటోమేటిక్ గేరుపెట్టెను అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1939లో ప్రవేశపెట్టింది. నేటి విలాస కార్లలో ప్రధానంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి.

3.1. టార్క్ కన్వర్టరు పద్ధతి:

ఇందులో క్లచ్ స్థానంలో నూనె నిండిన గుండ్రని పాత్ర ఉంటుంది. దాని లోపల ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలుంటాయి. ఒక ఫ్యాను తిరుగుతుంటే దాని గాలికి ఎదుటి ఫ్యాను రెక్కలు కదిలినట్లు, ఇంజనుతో తిరిగే చక్రం నూనెను తోస్తే ఆ తోపుకు గేరుపెట్టె వైపు చక్రం తిరుగుతుంది. రెంటి మధ్యనున్న మూడవ చిన్న చక్రం తిరిగివచ్చే నూనెను సరైన దిశకు మళ్లించి లాగే బలాన్ని పెంచుతుంది. బ్రేకు వదలగానే ఏక్సిలేటరు తొక్కకపోయినా కారు నెమ్మదిగా ముందుకు పాకడానికి ఈ నూనె తోపే కారణం. వేగం అందుకొన్నాక లోపలి క్లచ్ ఒకటి రెండు చక్రాలనూ కలిపి బిగిస్తుంది. మెర్సిడెస్ బెంజ్ తొమ్మిది గేర్ల పెట్టె, బి.ఎం.డబ్ల్యు. కార్లలో విరివిగా వాడే ఎనిమిది గేర్ల పెట్టె ఆటోమేటిక్ గేరుపెట్టెలలో ఈ కోవకు చెందినవి.

3.2. జంట క్లచ్ పద్ధతి:

ఇందులో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను చూసుకొంటుంది. ఒక గేరు పనిలో ఉండగానే తరువాతి గేరు సిద్ధంగా ఉంటుంది కాబట్టి మార్పు చాలా వేగంగా జరుగుతుంది. ఆడి కార్లలో పలు నమూనాలకు ఈ పద్ధతి ఉంది. ఎక్కుడులో వాహనాల వరుస నిలిచినప్పుడు బ్రేకుకు బదులు ఏక్సిలేటరును కొంచెంగా తొక్కి బండిని గాలిలో వేలాడదీసినట్లు ఆపడం ఈ పద్ధతికి హానికరం. క్లచ్ రాపిడికి గురై వేడెక్కుతుంది.

రెండు పద్ధతుల్లోనూ కంప్యూటరుకు తెలిసేవి కొన్నే: బండి వేగం, ఇంజను భ్రమణవేగం, ఏక్సిలేటరు మీద పాదం ఒత్తిడి, బ్రేకు స్థితి, చాలా కార్లలో రోడ్డు వాలు. వీటిని బట్టి అది ఇప్పటి స్థితికి తగిన గేరును ఎంచుకొంటుంది. నూరు గజాల తరువాత మలుపు ఉందని, ఆ మలుపు వెనుక కాలినడక భక్తులు వస్తున్నారని మామూలుగా దానికి తెలియదు. జరిగినదానికి అది స్పందిస్తుంది. జరగబోయేదానికి సిద్ధపడేది డ్రైవరు.

4. గేరు మీట: అక్షరాలు, అర్థాలు:

గేరు మీట మీద కనిపించే అక్షరాలు ఆంగ్ల పదాల మొదటి అక్షరాలు. వాటి పనిని తెలుగులో ఇలా చెప్పుకోవచ్చు.

పి: బండిని కట్టివేసే స్థితి. గేరుపెట్టె లోపలి పళ్లచక్రంలో ఒక చిన్న కొక్కెం పడి, చక్రాలకు పోయే ఇరుసును కదలనీయదు. బండి పూర్తిగా ఆగిన తరువాతే వాడాలి.

ఆర్: వెనుకకు నడిచే స్థితి.

ఎన్: ఇంజనుకు, చక్రాలకు సంబంధం తెగిన స్థితి. బండి వాలును బట్టి దొర్లుతుంది.

డి: ముందుకు నడిచే స్థితి. గేరు ఎంపిక అంతా కంప్యూటరుది.

ఎస్: ముందుకే, కాని తక్కువ గేర్లను ఎక్కువసేపు పట్టి ఉంచే స్థితి.

ఎం: ముందుకే, కాని గేరు ఎంపిక డ్రైవరుది. స్టీరింగు వెనుకనున్న రెండు రెక్కల్లో ఎడమది గేరు దించుతుంది, కుడిది పెంచుతుంది.

ఈ మీట ఆకారం అన్ని కార్లలో ఒకటి కాదు. పొరపాట్లకు ఇక్కడే అవకాశం ఎక్కువ. మెర్సిడెస్ బెంజ్ నమూనాలలో చాలావాటికి గేరు మీట స్టీరింగుకు కుడివైపున సన్నని కడ్డీలా ఉంటుంది. మన రోడ్ల మీద విరివిగా తిరిగే మారుతి వంటి కార్లలో అదే చోట మలుపు దీపాల మీట ఉంటుంది. కొత్తగా బెంజ్ నడిపే డ్రైవరు దీపం వేయబోయి గేరు మీటను కదిపితే బండి ఎన్ స్థితిలోకి జారవచ్చు. సమతల రోడ్డు మీద ఇది చిన్న ఇబ్బంది, దిగుడులో ప్రమాదం. బి.ఎం.డబ్ల్యు. కార్లలో మీట సీట్ల నడుమ ఉంటుంది. దానిని ముందుకు తోస్తే బండి వెనుకకు, వెనుకకు లాగితే ముందుకు నడిచే స్థితిలోకి పోతుంది. చేతి కదలికకు, బండి కదలికకు దిశ వ్యతిరేకం కావడం కొత్తవారిని తికమక పెడుతుంది. కాబట్టి ఏ కారైనా మొదటిసారి చేతికి వచ్చినప్పుడు, బయలుదేరకముందే, బ్రేకు మీద పాదం ఉంచి అన్ని స్థితులనూ ఒకసారి మార్చి, తెరపైన ఏ అక్షరం వెలుగుతోందో చూసుకోవాలి.

మరొక అలవాటు ఎడమకాలిది. ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన కాలు, బండి ఆపాల్సి వచ్చినప్పుడు తనంతట తానే కిందికి దిగుతుంది. ఆటోమేటిక్ కారులో అక్కడ దొరికేది వెడల్పైన బ్రేకు పెడలు. క్లచ్ తొక్కే బలంతో బ్రేకు తొక్కితే బండి ఒక్కసారిగా నిలిచిపోతుంది. వెనుక వచ్చే వాహనం ఢీకొనవచ్చు. ఎడమపాదాన్ని దాని కోసం ఏర్పాటైన ఆనికమీద స్థిరంగా ఉంచి, బ్రేకుకు, ఏక్సిలేటరుకు రెంటికీ కుడిపాదమే వాడాలి.

5. కొండ ఎక్కేటప్పుడు:

ఎక్కుడులో డి స్థితి చాలావరకు సరిపోతుంది. ఏక్సిలేటరును అడుగుదాకా తొక్కితే కంప్యూటరు రెండు మూడు గేర్లు దించి బలాన్ని పెంచుతుంది. కాని ఈ మార్పుకు క్షణకాలం పడుతుంది. ముందున్న వాహనాన్ని దాటాలనుకొంటే ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మలుపు తరువాత మలుపు వచ్చే చోట డి స్థితిలో గేరు మాటిమాటికీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అప్పుడు ఎస్ గాని, ఎం స్థితిలో రెండవ లేదా మూడవ గేరు గాని వాడితే నడక నిలకడగా ఉంటుంది.

అలిపిరి తనిఖీ కేంద్రం వద్ద వరుసలో నిలిచినప్పుడు రెండు వ్యవస్థలు తోడ్పడతాయి. ఒకటి, వాలులో బ్రేకు వదిలి ఏక్సిలేటరు తొక్కేలోపల కారు వెనుకకు జారకుండా కొన్ని క్షణాలు పట్టి ఉంచేది. రెండవది, పాదం తీసినా మళ్లీ ఏక్సిలేటరు తొక్కేదాకా బ్రేకును పట్టి ఉంచేది. రెండవదాన్ని మీట నొక్కి పనిలో పెట్టాలి. అది పనిలో ఉందో లేదో తెర మీది పచ్చగుర్తు చూసి నిర్ధారించుకోవాలి. ఉందనుకొని లేనప్పుడు పాదం తీస్తే బండి కదులుతుంది.

వాలులో బండి నిలిపేటప్పుడు క్రమం ముఖ్యం. బ్రేకు తొక్కి ఆపి, ఎన్ స్థితికి మార్చి, పార్కింగు బ్రేకు వేసి, పాదాన్ని మెల్లగా వదిలి బండి భారమంతా ఆ బ్రేకు మీద ఆనేట్లు చూడాలి. తిరిగి బ్రేకు తొక్కి అప్పుడు పి స్థితిలో పెట్టాలి. ఇలా చేయకపోతే రెండు టన్నుల భారం గేరుపెట్టె లోపలి చిన్న కొక్కెం మీద పడుతుంది. తిరిగి బయలుదేరేటప్పుడు మీట బిగుసుకొని, ఒక కుదుపుతో విడుతుంది. ఎద్దులబండిని మిట్టలో నిలిపినప్పుడు మన రైతు చక్రం కింద రాయి పెట్టి, ఆ రాయి మీద భారం ఆనిందని చూసుకొన్నాకే ఎద్దులను విప్పుతాడు. సూత్రం అదే.

6. కొండ దిగేటప్పుడు:

6.1. ఎన్ స్థితి గురించిన అపోహ:

దిగుడులో న్యూట్రల్ చేస్తే ఇంధనం ఆదా అవుతుందన్న నమ్మకం డ్రైవర్లలో పాతుకుపోయింది. కార్బురేటరు బండ్ల కాలంలో దానికి కొంత ఆధారం ఉండేది. ఇప్పటి ఇంజన్లకు అది వర్తించదు. గేరులో ఉండి ఏక్సిలేటరు మీద పాదం లేకుండా దిగుతున్నప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి కాబట్టి కంప్యూటరు ఇంధనాన్ని దాదాపు పూర్తిగా ఆపివేస్తుంది. ఎన్ స్థితిలో మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం మండుతూనే ఉండాలి. అంటే న్యూట్రల్‌లో దిగడం వల్ల ఇంధనం ఆదా కాదు. పైగా ఇంజను ఇచ్చే నిరోధమంతా పోయి భారం పూర్తిగా బ్రేకుల మీద పడుతుంది.

ఇందుకు దగ్గరి విషయం మరొకటుంది. కొన్ని విలాస కార్లలో ఇంధన పొదుపు కోసం పెట్టిన ఎకో విధానంలో, ఏక్సిలేటరు నుంచి పాదం తీయగానే కంప్యూటరే ఇంజనును చక్రాల నుంచి విడదీస్తుంది. మైదానపు హైవే మీద ఇది మేలైనది. కనుమదారిలోకి వచ్చాక ఆ విధానాన్ని మార్చుకోవాలి.

6.2. గేరులో దిగడం:

"ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో దిగాలి" అన్నది పాత డ్రైవర్ల సూత్రం. ఆటోమేటిక్ కారులోనూ ఈ సూత్రం చెల్లుతుంది. కాకపోతే ఏ గేరులో ఎక్కామో మనం ఎంచలేదు కాబట్టి అది మనకు తెలియదు. అందువల్ల దిగుడు మొదలయ్యేముందే ఎం స్థితికి వచ్చి, మూడవ గేరు ఎంచి, రెండు పెడళ్ల నుంచీ పాదం తీసి చూడాలి. వేగం నిలకడగా ఉంటే ఆ గేరు సరిపోయింది. పెరుగుతూ ఉంటే బ్రేకు తొక్కి వేగం తగ్గించి రెండవ గేరుకు దించాలి. ఎనిమిది, తొమ్మిది గేర్లున్న పెట్టెలలో తక్కువ వేగంతో దిగే వాలుకు సాధారణంగా ఈ రెండింటిలో ఒకటి సరిపడుతుంది.

ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, వేగం మితిమీరిన తరువాత గేరు దించబోతే కంప్యూటరు ఒప్పుకోదు. ఇంజను దెబ్బతినకుండా అది ఆ ఆజ్ఞను తోసిపుచ్చుతుంది. కాబట్టి గేరు దించడం వేగం పెరగకముందు చేయాల్సిన పని. రెండవది, డి స్థితిలో ఉండి రెక్క నొక్కితే దిగే గేరు తాత్కాలికం. కొంతసేపటికి కంప్యూటరు తిరిగి తన ఎంపికకు పోతుంది. పొడవైన దిగుడుకు ఎం స్థితే నమ్మదగినది. మూడవది, తక్కువ గేరులో ఇంజను శబ్దం పెరుగుతుంది, భ్రమణాల ముల్లు మూడువేల దాకా పోవచ్చు. ఖరీదైన ఇంజను పాడైపోతుందని భయపడి డ్రైవర్లు పై గేరుకు మారుస్తుంటారు. కొన్నిసార్లు వెనుక కూర్చున్న యజమానే మార్చమంటాడు. అది ఇంజను బాధ కాదు. బ్రేకులకు పోవలసిన వేడిని ఇంజను తనలోకి తీసుకొంటున్న శబ్దం. ముల్లు ఎర్రగీత దరికి పోనంతవరకు ఆందోళన అక్కరలేదు.

ఇటీవలి గేరుపెట్టెలు వాలును గుర్తించి డి స్థితిలోనూ కొంతవరకు గేరు దించుతాయి. అది సహాయమే. కాని ఎంత దించాలన్నది అది తన లెక్క ప్రకారం నిర్ణయిస్తుంది. మన దారి అవసరాన్ని బట్టి కాదు.

6.3. బ్రేకు వాడే పద్ధతి:

గేరు నిరోధం ఉన్నా మలుపుల దగ్గర బ్రేకు అవసరమే. పాదాన్ని బ్రేకు మీద ఆనించి దారి పొడవునా కొద్దికొద్దిగా నొక్కుతూ ఉండడం మంచిది కాదు. గట్టిగా తొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలి, మళ్లీ అవసరమైనప్పుడు తొక్కాలి. వదిలిన వ్యవధిలో గాలి తగిలి బ్రేకు పళ్లేలు చల్లబడతాయి.

బ్రేకు మితిమీరి వేడెక్కితే రెండు రకాల నష్టం జరుగుతుంది. పళ్లేన్ని పట్టే దిమ్మెల రాపిడి శక్తి తగ్గుతుంది; పెడలు గట్టిగానే ఉన్నా బండి ఆగదు. ఇంకా వేడెక్కితే బ్రేకు ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే పెడలు మెత్తబడి అడుగుదాకా పోతుంది. విరివిగా వాడే డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం. గాలిలోని తేమను పీల్చుకొన్న తరువాత ఈ హద్దు 155 డిగ్రీలకు తగ్గిపోవచ్చు. కారు ఎంత ఖరీదైనదైనా ద్రవాన్ని గడువు ప్రకారం మార్చాల్సిందే.

కాలిన వాసన, మెత్తబడిన పెడలు, తెర మీద హెచ్చరిక: ఈ మూడింటిలో ఏది కనిపించినా వెడల్పైన చోట ఆపాలి. వేడి పళ్లేల మీద నీళ్లు పోయకూడదు. అవి వంకరపోవచ్చు, పగలవచ్చు. అప్పటికే బ్రేకు పట్టకపోతే గేరును ఒక్కొక్కటిగా దించుతూ, పార్కింగు బ్రేకు మీటను లాగి పట్టుకోవాలి. మీటతో పనిచేసే పార్కింగు బ్రేకు ఉన్న కార్లలో చాలావాటిలో, నడుస్తుండగా ఇలా పట్టి ఉంచితే కంప్యూటరు చక్రాలు జారకుండా బండిని ఆపడానికి ప్రయత్నిస్తుంది. ఇంజను మాత్రం ఆపకూడదు. ఆపితే స్టీరింగు, బ్రేకు బరువెక్కుతాయి.

7. ఇతర నియంత్రణ వ్యవస్థలు:

వాలు దిగడానికి తోడ్పడే ప్రత్యేక మీట కొన్ని కార్లలో ఉంటుంది. అది ప్రధానంగా బ్రేకులను తనంతట తాను వేస్తూ వేగాన్ని నిలుపుతుంది. కొద్ది దూరపు నిటారు వాలుకు, మట్టిదారికి ఉద్దేశించినది. 19 కి.మీ. దిగుడుకు దాన్ని నమ్ముకొంటే వేడి చేరేది మళ్లీ బ్రేకులకే.

ముందు వాహనంతో దూరం పాటిస్తూ తనంతట నడిచే క్రూయిజ్ వ్యవస్థ బిగుతు మలుపుల్లో ముందు వాహనాన్ని గుర్తించలేకపోవచ్చు. అప్పుడు దారి ఖాళీగా ఉందనుకొని వేగం పెంచే ప్రమాదం ఉంది. కనుమలో దాన్ని వాడకూడదు. చక్రాలు జారినప్పుడు ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసి బండిని దారిలో నిలిపే స్థిరత్వ వ్యవస్థను మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. వానకాలపు కొండదారిలో దాని విలువ ఎక్కువ.

విద్యుత్ వాహనాల తీరు కొంత భిన్నం. 2022 సెప్టెంబరు నుంచి తిరుపతి, తిరుమల మధ్య ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. వీటిలో దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, బండిని నిరోధిస్తూ బ్యాటరీకి శక్తిని తిరిగి పంపుతుంది. పైన చెప్పిన 137 లక్షల జౌళ్ల వంటి శక్తిలో కొంత భాగం వృథా కాకుండా తిరిగివస్తుందన్నమాట. విద్యుత్ కార్లు కొనేవారు ఒక సంగతి గమనించాలి. కొండపైన బ్యాటరీని పూర్తిగా నింపుకొని దిగితే, తిరిగివచ్చే శక్తికి చోటు ఉండదు. నిరోధం తగ్గి, మామూలు బ్రేకుల మీద భారం పడుతుంది. కొంత ఖాళీ ఉంచుకొని దిగడం మేలు.

8. డ్రైవర్ల తెలుగు, పరిభాష:

పై వివరణకు కొత్త సంస్కృత సమాసాలు అవసరం కాలేదు. దీనికి కారణం డ్రైవర్ల వాడుకలో ఉంది. గేరు, బ్రేకు, క్లచ్, ఏక్సిలేటరు, స్టీరింగు అన్న నామపదాలు ఆంగ్లం నుంచి వచ్చాయి. వాటితో కలిసే క్రియలు మాత్రం తెలుగువి: గేరు వేయు, క్లచ్ తొక్కు, బ్రేకు పట్టు, న్యూట్రల్ కొట్టు, బండి ఎత్తు. వస్తువు పరాయిది, దానితో చేసే పని మనది. ఈ క్రియలన్నీ చేతులు, కాళ్లు చేసే పనుల పేర్లు కావడం గమనించదగినది.

ఆటోమేటిక్ గేరు వచ్చాక ఈ క్రియల్లో కొన్నింటికి పని లేకుండా పోయింది. క్లచ్ తొక్కడం లేదు. గేరు వేయడమంటే ఇప్పుడు మీటతో కంప్యూటరుకు ఒక మాట చెప్పడం. డ్రైవరు పని 'వేయడం' నుంచి 'చెప్పడం'లోకి మారింది. కంప్యూటరు కూడా తెర మీద తిరిగి చెబుతుంది. ఈ రెండువైపుల సంభాషణా ఆంగ్లంలో జరుగుతున్నందువల్ల, చేతిపనిలో నిపుణుడైన డ్రైవరు మాటల దగ్గర ఆగిపోతున్నాడు. ఉపోద్ఘాతంలో చెప్పిన సంఘటనలో జరిగినది ఇదే. ఆయనకు దిగుడు తెలుసు, గేరులో దించడమూ తెలుసు. ఈ కారులో ఆ పనిని ఏ అక్షరంతో చెప్పాలో ఎవరూ చెప్పలేదు.

దారి స్వరూపాన్ని చెప్పడానికి ఈ ప్రాంతపు తెలుగుకు కొరత లేదు. కనుమ, మిట్ట, పల్లం, ఎగువ, దిగువ, ఎక్కుడు, దిగుడు వంటి మాటలు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. పరికరానికి వాడుకలోని ఆంగ్లపదం, పనికి తెలుగు క్రియ, దారికి స్థానికపదం వాడితే సూచన సూటిగా అందుతుంది. "స్వయంచాలిత సంచరణ వ్యవస్థలో అవరోహణ సమయమున నిమ్నస్థాయిని ఎంపిక చేయవలెను" అనడం కంటే "దిగుడు మొదలయ్యేముందే ఎం పెట్టి, మూడో గేరుకు దించండి" అనడం ప్రయోజనకరం. మొదటి వాక్యానికి మరొక అనువాదం కావాలి.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశాలలో వ్యవసాయపదాల సంపుటం 1962లో, చేనేతపదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. రైతు మాటకు, నేతగాని మాటకు దక్కిన ఆ శాస్త్రీయమైన శ్రద్ధ డ్రైవరు మాటకూ దక్కాలి. లారీ, బస్సు, ట్యాక్సీ డ్రైవర్ల పదజాలాన్ని ప్రాంతాలవారీగా సేకరించడం తెలుగు శాఖల పరిశోధకులు చేపట్టదగిన పని. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు వాహనాలు తయారవుతున్నాయి. వాహనాలు తయారయ్యే నేలమీద, వాటిని నడిపే భాషలో ఒక చిన్న మార్గదర్శిని రూపొందించడం అసాధ్యం కాదు.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలివి.

1. ఆటోమేటిక్ గేరు శ్రమను తగ్గిస్తుంది, ముందుచూపును ఇవ్వదు. దిగుడులో గేరు ఎంపిక డ్రైవరు బాధ్యతగానే మిగిలింది.

2. కనుమదారిలో ఎన్ స్థితి, ఎకో విధానం, క్రూయిజ్ వ్యవస్థ వాడదగినవి కావు. ఎం స్థితిలో తక్కువ గేరు ఎంచి, బ్రేకును పట్టి వదులుతూ దిగడం సరైన పద్ధతి.

3. కారు మారినప్పుడు మీట స్థానం, కదిలే దిశ మారతాయి. బయలుదేరకముందే వాటిని సరిచూసుకోవాలి. తెర మీద వచ్చే ముఖ్యమైన హెచ్చరికల అర్థాన్ని యజమాని డ్రైవరుకు ముందుగానే తెలుగులో చెప్పాలి.

4. వివరణకు కావలసిన తెలుగు డ్రైవర్ల నోట ఇప్పటికే ఉంది. దాన్ని సేకరించి, శిక్షణకు, సూచనపత్రాలకు వాడుకోవాలి.

కనుమదారుల వెంట "నిదానమే ప్రధానం" అన్న సూచన తరచు కనిపిస్తుంది. ఆటోమేటిక్ కారులో ఆ నిదానాన్ని ఎలా సాధించాలో కూడా అదే తెలుగులో చెప్పగలిగినప్పుడు ఆ సూచన పూర్తవుతుంది.